మీటర్ ఎవరి చేతిలో ఉంది?

ధాన్యం అమ్మే రైతుకు ఇది కొత్త సంగతి కాదు. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం లోపే ఉందని చీటీ రాస్తారు. అదే లోడు మిల్లుకెళ్తే ఎక్కువుందంటారు, బస్తాకింత కోత పెడతారు. మా శ్రీకాకుళం వైపు సీజన్ వస్తే ఇదే గొడవ. మిల్లులో మీటర్ మిల్లువాళ్లదే మరి.

కంప్యూటర్ పరిశోధనల్లోనూ అంతే. కొత్త పద్ధతి తెచ్చినవాళ్లే దాన్ని పాతవాటితో పోల్చి, మాదే మేలని రాసుకుంటారు. కాకిపిల్ల కాకికి ముద్దు. ఆమధ్య ఒక ఇంజినీరింగ్ కాలేజీలో ప్రాజెక్టులు చూడటానికి వెళ్లాను. ఒకమ్మాయి వరి ఆకు ఫోటో చూసి అగ్గితెగులును కనిపెట్టే ప్రోగ్రామ్ చేసింది. "నీ పద్ధతిని ఎన్నాళ్లు సరిదిద్దావమ్మా?" అన్నాను. "మూడు నెలలు సార్." "పోల్చిన పాతదాన్ని?" కాసేపు ఆగి, "ఒక పూట సార్, డిఫాల్ట్ సెట్టింగ్స్‌తోనే" అంది. ఆ పిల్ల తప్పేం లేదు. గెలవకపోతే పేపర్ తీసుకోరని అందరూ టెన్షన్ పెడితే ఏం చేస్తుంది?

జర్మనీ గణాంక శాస్త్రవేత్త ఆన్-లోర్ బూలెస్టెక్స్ బృందం 2013లోనే ఈ మాట గట్టిగా చెప్పింది: పోల్చడమే పనిగా, ఏ పద్ధతి మీదా సొంత మమకారం లేనివాళ్లు పోల్చాలి. అసాధ్యమేమీ కాదు. ప్రొటీన్ల ఆకారాన్ని ఊహించే కాస్ప్ పోటీ 1994 నుంచి రెండేళ్లకోసారి జరుగుతోంది. జవాబు బయటికి రాని ప్రొటీన్లనే ప్రశ్నలుగా ఇస్తారు, మార్కులు వేరేవాళ్లు వేస్తారు. 2020లో ఆల్ఫాఫోల్డ్ అనే కంప్యూటర్ ప్రోగ్రామ్ గెలిస్తే లోకం నమ్మింది అందుకే. 2024లో దాన్ని చేసినవాళ్లకు నోబెల్ కూడా వచ్చింది.

చేసినవాడికే పద్ధతి లోతు తెలుస్తుంది, బయటివాళ్లు సరిగ్గా నడపలేరు అంటారు. నిజమే, అయితే సెట్టింగ్స్ రాసి పంపమనండి. తూకం మాత్రం వేరేవాళ్లు వేయాలి.

నా బాధ అసలు కిడ్నీ జబ్బులతో అల్లాడే మా ఉద్దానం గురించి. కవిటిలోనో సోంపేటలోనో రక్తం తీస్తారు, కిడ్నీలు వడకట్టాల్సిన క్రియాటినిన్ అనే వ్యర్థం ఎంతుందో చూస్తారు, ఫార్ములాలో వేసి కిడ్నీ ఎంత పనిచేస్తోందో లెక్కకడతారు. ఆ ఫార్ములాలు ఒకటి కాదు. రక్తం ఒకటే అయినా ఫార్ములా మారితే అంకె మారుతుంది. ఆ అంకె 60కి తగ్గితే సాధారణంగా జబ్బు కింద చూస్తారు. ఆ గీత దగ్గర ఊగే మనిషి ఒక లెక్కలో రోగి, ఇంకో లెక్కలో కాదు. మన మనుషుల కిడ్నీ పనితీరును నేరుగా కొలిచి, ఏ ఫార్ములా దానికి దగ్గరగా ఉందో తేల్చాలి. ఆ పని ఏ ఫార్ములాతోనూ సంబంధం లేనివాళ్లు చేయాలి. అలా చేసిన పిల్లకి "కొత్తగా ఏం కనిపెట్టావు?" అని అడగకుండా మన యూనివర్సిటీలు పీహెచ్‌డీ ఇవ్వాలి.