ప్రీకాస్ట్ మీద కోపం ప్యానెల్ మీద చూపించకండి

హాస్పిటల్‌కి ప్రీకాస్ట్ (ఫ్యాక్టరీ అచ్చుల్లో ముందే పోసి, సైట్‌కి తెచ్చి బిగించే కాంక్రీట్) పనికిరాదని ఒక వర్గం, అంతా ప్రీకాస్టే చేసేస్తే సగం టైములో అయిపోతుందని ఇంకో వర్గం. రెండు మాటలూ తొందరపాటువే. బయటి గోడలు, వార్డు బ్లాకులు, మెట్లు, షాఫ్టులు ప్రీకాస్ట్ చెయ్యండి. ఓటీలు (ఆపరేషన్ థియేటర్లు), ఎమ్మారై, రేడియోథెరపీ బంకర్ (రేడియేషన్ బయటికి పోకుండా మందపు గోడలతో కట్టే గది) మాత్రం సైట్‌లోనే పొయ్యండి. ఏది ఎక్కడన్నది డ్రాయింగులు మొదలైనప్పుడే తేల్చుకోండి.

గొడవంతా అక్కడే. సైట్‌లో పోసే మామూలు ఆర్‌సీసీకి గీసిన డిజైన్‌ని టెండర్ అయ్యాక 'ప్రీకాస్ట్‌కి మార్చేద్దాం' అంటారు. అప్పటికి మెడికల్ గ్యాస్ పైపులు, ఏసీ డక్టులు, డ్రైనేజీ ఎక్కడ స్లాబ్ దాటాలో తేలి ఉండదు. అచ్చులో కాంక్రీట్ పడ్డాక కన్నం కావాలంటే మిషన్‌తో గుండ్రంగా తొలిచే కోర్ కటింగే గతి. హాలోకోర్ స్లాబ్ (పొడుగునా బోలు గొట్టాలుండే ప్రీకాస్ట్ పలక)లో బోలు భాగం మీద చిన్న కన్నమైతే ఫర్వాలేదు. పక్కనున్న రిబ్బులో (రెండు బోలుల మధ్య గట్టి భాగంలో) పెడితే అడుగున ఉన్న ప్రీస్ట్రెస్ తీగ (ముందే లాగి బిగించిన ఉక్కు తీగ) తెగుతుంది, పలక బలం పడిపోతుంది, పైకి మాత్రం ఏమీ కనబడదు. ఈ సంగతి డ్రిల్లు పట్టుకున్న ప్లంబర్‌కి ఎవరైనా చెప్తారా?

ఓటీ కింద హాలోకోర్ వద్దనడానికి కారణం వేరే. పలక తేలిక, పైన పోసే కాంక్రీట్ పొర (టాపింగ్) సాధారణంగా 50 నుంచి 75 మి.మీ. మాత్రమే. కారిడార్‌లో స్ట్రెచర్ దొర్లినా ఆ కదలిక సర్జరీ మైక్రోస్కోప్‌లో తెలుస్తుంది. బంకర్ గోడల్ని బ్లాకులుగా పేరిస్తే అతుకులు గోడ లోపలి నుంచి బయటికి తిన్నగా ఉండకూడదు, మెట్లుగా ఉండాలి. లేదంటే రేడియేషన్‌కి తిన్నగా దారి దొరుకుతుంది. ఎమ్మారై మాగ్నెట్ టన్నుల బరువు, ఏదో ఒక రోజు మార్చక తప్పదు. దాని ఎదురుగా ఉన్న ఒక బయటి గోడ ప్యానెల్‌ని గ్రౌట్ (సందులు నింపే పల్చని సిమెంట్ మిశ్రమం) పోయకుండా బోల్టులతో, విప్పేలా బిగించండి.

ఇక బయటి ప్యానెళ్ళు. బయట 70, లోపల 130 మి.మీ. కాంక్రీట్, మధ్యలో ఇన్సులేషన్. 6 మీటర్ల పొడవు, 3.2 మీటర్ల ఎత్తు ఉంటే కాంక్రీటే 3.84 ఘనపు మీటర్లు, అంటే 9.6 టన్నులు. టవర్ క్రేన్ దగ్గరలో 10 టన్నులు ఎత్తుతుందని సంబరపడకండి. బూమ్ (క్రేన్ పొడుగు చెయ్యి) చివరికి వెళ్ళేసరికి అందులో చిన్న వాటానే మిగులుతుంది. ప్యానెల్ సైజు ఆర్కిటెక్ట్ కాదు, క్రేన్ చార్ట్ నిర్ణయించాలి.

ప్యానెల్ ఫ్యాక్టరీలో 5 మి.మీ. తేడాతో వస్తుంది. సైట్‌లో పోసిన స్లాబ్ అంచు 20 మి.మీ. అటూ ఇటూ ఉండటం మామూలే. ప్యానెల్‌ని స్లాబ్‌కి పట్టే బ్రాకెట్లలో సర్దుబాటు లేకపోతే ఫిట్టర్ సుత్తి, వెల్డింగ్ మిషన్ తీస్తాడు. భూకంపంలో బోల్టు జారాల్సిన స్లాట్‌ని (పొడుగు రంధ్రాన్ని) వెల్డ్ చేసి బిగించేస్తే ఫ్రేమ్ ఊగినప్పుడు ప్యానెల్ ఆ దెబ్బ తినాల్సిందే.

కారేది ప్యానెల్ కాదు, అతుకు. ఎండకీ చలికీ ప్యానెల్ ఉష్ణోగ్రత 40 డిగ్రీలు మారితే 6 మీటర్ల కాంక్రీట్ దాదాపు 2.4 మి.మీ. కదులుతుంది. అందుకే 20 మి.మీ. అతుకు, వెనక అంతకన్నా పావు వంతు ఎక్కువ లావున్న బ్యాకర్ రాడ్ (నురుగు కడ్డీ), దాని ముందు వెడల్పులో సగం లోతు సీలెంట్ (రబ్బరులా సాగే పూత). సీలెంట్ రెండు పక్కలకే అంటుకోవాలి. రాడ్ మానేసి సందంతా నింపితే వెనక్కి కూడా అంటుకుని కొద్ది కాలంలోనే చిరుగుతుంది. రెండో వరస గాలి సీలు లోపల ఉండాలి, మధ్యలో నీళ్ళు పోయే దారి ఉండాలి.

ఆఫీసు బిల్డింగ్‌లో అతుకు వదులైతే ఏసీ బిల్లు పెరుగుతుంది, అంతే. హాస్పిటల్లో అలా కాదు. అంటువ్యాధి రోగిని ఉంచే ఐసోలేషన్ గది గాలి బయటికి రాకుండా, ఆ గది కారిడార్ కన్నా 2.5 పాస్కల్స్ తక్కువ ఒత్తిడిలో ఉంటే చాలనుకుంటాం. గంటకి 36 కిలోమీటర్ల గాలి తగిలితే గోడ మీద పడేది 60 పాస్కల్స్! సందులు కారితే ఫ్యాన్ ఎంత తిప్పినా ఆ గది గాలి కారిడార్‌లోకి వస్తుంది.

1968లో లండన్‌లో రోనన్ పాయింట్ అనే 22 అంతస్తుల ప్యానెల్ భవనంలో, 18వ అంతస్తులో గ్యాస్ పేలి ఒక మూల మొత్తం కూలింది. నలుగురు పోయారు. ప్యానెళ్ళని కలిపి కట్టే టై స్టీల్ ఎందుకని అడిగేవాళ్ళకి ఇదే జవాబు. ఆ స్టీల్ చుట్టూ గ్రౌట్ నింపే ట్యూబ్ నిండిందని, పై రంధ్రం నుంచి గ్రౌట్ పొంగాకే సంతకం పెట్టండి.

రన్నింగ్ హాస్పిటల్ పక్కనే కొత్త బ్లాక్ కడుతుంటే ప్రీకాస్ట్‌ని మించింది లేదు. కటింగ్, షట్టరింగ్ తగ్గితే దుమ్ము తగ్గుతుంది, ఆ దుమ్ములోని ఆస్పర్జిల్లస్ ఫంగస్ క్యాన్సర్ వార్డు దాకా పోయే ప్రమాదమూ తగ్గుతుంది.

మొదటి నాలుగు ప్యానెళ్ళు బిగించగానే, లోపల జిప్సం బోర్డు వెయ్యకముందే, అతుకుల మీద పైపుతో నీళ్ళు కొట్టి చూడండి. కింది అతుకు నుంచి మొదలుపెట్టి పైకి వెళ్ళండి, లేకపోతే ఎక్కడ కారిందో తెలీదు.