లెక్కల పుస్తకంలోని బల్బుల కంపెనీ యజమాని గారికి

అయ్యా,

తమరి పేరు నాకు తెలియదు. కంపెనీ పేరూ తెలియదు. ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో మేం చదివిన ప్రాబబిలిటీ అండ్ స్టాటిస్టిక్స్ పుస్తకంలో, శాంప్లింగ్ డిస్ట్రిబ్యూషన్స్ పాఠం చివరి లెక్కల్లో తమరిని "ఒక బల్బుల కంపెనీ" అని మాత్రమే రాస్తారు. ఊరు లేదు, వీధి లేదు. అందుకే ఈ ఉత్తరం పోస్టులో వేయకుండా నలుగురూ చూసేలా రాస్తున్నాను. ఎక్కడున్నా చదువుకుంటారని ఆశ.

నేను తమరి పాత ఖాతాదారుణ్ణి. ఒక్క బల్బూ కొనలేదనుకోండి. కానీ తమ బల్బులు ఎన్ని గంటలు వెలుగుతాయో మా ఇంట్లోవాళ్ల పుట్టినరోజుల కన్నా నాకు బాగా గుర్తు. సగటు 1200 గంటలు, ప్రామాణిక విచలనం, అంటే ఆ సగటుకు అటూ ఇటూ ఉండే చెదురు, 90 గంటలు. యాదృచ్ఛికంగా 36 బల్బులు తీస్తే వాటి సగటు 1170 గంటల కన్నా తక్కువ ఉండే సంభావ్యత ఎంత? తొంభైని 36 వర్గమూలంతో, అంటే ఆరుతో భాగించు, పదిహేను. 1170లోంచి 1200 తీసెయ్, మైనస్ ముప్పై. దాన్ని పదిహేనుతో భాగించు, మైనస్ రెండు. జెడ్ టేబుల్లో రెండు దగ్గర 0.4772. దాన్ని 0.5లోంచి తీసెయ్, 0.0228. కింద రెండు గీతలు కొట్టు.

మొదటిసారి పరీక్షలో ఆ ఆఖరి తీసివేత మర్చిపోయి 0.4772 అని రాసొచ్చాను. అంటే నూటికి రెండుసార్లు జరిగేదాన్ని నూటికి నలభై ఎనిమిదిసార్లు జరిపించాను. తమ కంపెనీ పరువు తీసినందుకు క్షమించాలి. పేపరు దిద్దినవాళ్లు నా పరువు అప్పుడే తీసేశారు.

"బల్బొస్తే బల్బు, టైరొస్తే టైరు, స్టెప్పులు అవేరా" అనేవారు మా సారు. ఆ మాట పట్టుకుని సప్లిమెంటరీకి వరసపెట్టి నలభై లెక్కలు చేశాను. అప్పుడు కనిపెట్టాను తమరి గుట్టు. తమ కంపెనీ తీస్తే 25 బల్బులు తీస్తుంది, లేదంటే 36, 64, 100. చచ్చినా 37 తీయదు. తమ దగ్గర బల్బులు తీసే కుర్రాడికి వర్గసంఖ్యలు తప్ప ఇంకేవీ లెక్కపెట్టడం రాదా?

పోనీ పాడైన బల్బుల లెక్కలు చూద్దామంటే, అక్కడ తమరి తెలివి ఇంకో మెట్టు పైన ఉంది. పాడైనవి ఎప్పుడూ నూటికి పదో, ఇరవయ్యో. ఏడు ఎందుకు కావు? చాలా రోజులకు గానీ తట్టలేదు. ఈ లెక్కల్లో పాడైనవాటి వాటానీ మంచివాటి వాటానీ గుణించి వర్గమూలం తీయాలి. 0.1ని 0.9తో గుణిస్తే 0.09, వర్గమూలం 0.3. 0.2ని 0.8తో గుణిస్తే 0.16, వర్గమూలం 0.4. అదే ఏడు శాతమైతే 0.0651. దాని వర్గమూలానికి కాలిక్యులేటర్ వెతుక్కోవాలి. పిల్లలకు లెక్క సాఫీగా తెగాలని నూటికి ఇరవై బల్బులు చేజేతులా పాడుచేసుకునే యజమానిని నేను ఇంకెక్కడా చూడలేదు. దానకర్ణుడు కూడా తమ ముందు దిగదుడుపే.

ఇంకో అనుమానం. ఫ్యాక్టరీలో తయారైన బల్బులన్నిటి సగటూ, విచలనమూ తమకు ముందే తెలుసు. మళ్లీ ఈ 36 తీయడం దేనికి? బల్బు ఆయుష్షు చూడాలంటే అది మాడిపోయేదాకా వెలిగించాలి. 1200 గంటలంటే యాభై రోజులు. 36 బల్బుల్ని యాభై రోజులు రాత్రీ పగలూ వెలిగించి, కరెంటు బిల్లు కట్టి, ముందే తెలిసిన సంగతిని మళ్లీ తెలుసుకుంటారన్నమాట.

ఈ జబ్బు తమ ఒక్కరిదే కాదు లెండి. అదే పాఠంలో 2, 3, 6, 8, 11 అని ఐదు అంకెలుంటాయి. మాతో చదివినవాళ్లకు పంచపాండవుల పేర్లు తడబడినా ఇవి తడబడవు. ఆ ఊరి జనాభా మొత్తం ఐదుగురే. సగటు ఆరని కూడితే తెలిసిపోతుంది. అయినా వాళ్లని ఇద్దరిద్దరు చొప్పున పిలిచి, పిలిచినవాణ్ణి మళ్లీ గుంపులో కలిపితే 25 సార్లు, కలపకపోతే 10 సార్లు విచారణ జరిపి, వచ్చిన సగటులన్నిటికీ సగటు తీసి, "అరే, ఇదీ ఆరే!" అని ఆశ్చర్యపోవాలి. సరిగ్గా ఆశ్చర్యపోతే పది మార్కులు.

తిట్టడమే పనిగా పెట్టుకున్నానని అనుకోకండి. తమ దగ్గర నేర్చుకున్నదీ ఉంది. ఒకే ఒక్క బల్బు తీసి వెలిగిస్తే అది 1170 గంటల లోపే మాడిపోయే అవకాశం నూటికి దాదాపు 37. అదే 36 బల్బుల సగటు 1170కి లోపు పడే అవకాశం నూటికి రెండున్నర కూడా లేదు. అవే బల్బులు, అదే ఫ్యాక్టరీ. ఒకటి తొందరగా పోతే ఇంకోటి నాలుగు రోజులు ఎక్కువ వెలిగి దాని లోటు పూడుస్తుంది. అలాగని బల్బులు పెంచుకుంటూ పోతే తప్పు అదే లెక్కన తగ్గిపోదు. తొంభైని ఆరుతో భాగిస్తే వచ్చిన ఆ పదిహేను గంటల తప్పు సగం కావాలంటే ఇంకో 36 తెస్తే సరిపోదు, మొత్తం 144 కావాలి. ఇది బుర్రకెక్కిన రోజు హాస్టల్ మేడ మీద ఒక్కణ్ణే అటూ ఇటూ తిరిగాను. మూడోసారి రాస్తే పాసవుతానని ఆ రోజే తెలిసింది.

తరవాత తెలిసిన లోకం మాత్రం తమ ఫ్యాక్టరీలా లేదు. కాలిఫోర్నియాలో లివర్‌మోర్ అనే ఊళ్లో ఫైర్ స్టేషన్‌లో 1901 నుంచి వెలుగుతున్న బల్బు ఒకటుంది. దానికి పది లక్షల గంటలు నిండాయని 2015లో వేడుక కూడా చేశారు. ఆ ముసలి బల్బు తమ 36లో పడిందనుకోండి, మిగతా 35 బుద్ధిగా 1200 గంటలకే పోయినా సగటు 28,944 గంటలొస్తుంది. తమ 90 గంటల విచలనం ఏ గంగలో దూకాలి?

నిజం బల్బుల కంపెనీల సంగతి ఇంకా విచిత్రం. 1924 చివర్లో పెద్ద పెద్ద కంపెనీలన్నీ జెనీవాలో చేరి ఫీబస్ అని ఒక కూటమి కట్టాయి. బల్బు ఆయుష్షును వెయ్యి గంటలకు కుదించాయి. ఏ ఫ్యాక్టరీ అయినా మచ్చుకు కొన్ని బల్బులు స్విట్జర్లాండ్‌లోని ప్రయోగశాలకు పంపాలి. అవి చెప్పినదానికన్నా ఎక్కువ కాలం వెలిగితే జరిమానా! మా పుస్తకంలో ఒక్క లెక్కయినా ఇలా అడగలేదు. పాఠమంతా బల్బు తొందరగా పోతుందేమోననే బెంగే.

ఇక అసలు ఫిర్యాదుకొస్తాను. తమ ప్రతి లెక్కలోనూ "యాదృచ్ఛికంగా" అని ఒక మాట ఉంటుంది. ఎవరూ ఏరకుండా, చీటీ తీసినట్టు అని అర్థం. దానికి మార్కుల్లేవు. దాన్ని మేం చదివే చదవం. 36 ఎక్కడుందా, 90 ఎక్కడుందా అని కళ్లు వెతుక్కుంటాయి. ఆ మాటను తమరు ఉచితంగా ఇచ్చేస్తారు, కూరలో కరివేపాకులా మేం తీసి పక్కన పెట్టేస్తాం. అది ఎంత ఖరీదైనదో తమరు ఒక్కసారీ చెప్పలేదు.

అమెరికాలో 1936 ఎన్నికలప్పుడు లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక ఎవరికి ఓటేస్తారని దాదాపు కోటిమందికి కార్డులు పంపింది. ఇరవై లక్షల పైన జవాబులొచ్చాయి. తమ సూత్రంలో వేస్తే ప్రామాణిక దోషం, అంటే ఇందాకటి పదిహేను గంటల్లాంటి తప్పు, నూటికి 0.03 దగ్గర తేలుతుంది. అంత పెద్ద మచ్చుతో అప్పటి అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌కు నూటికి 43 అని తేల్చి, ఓడిపోతాడంది. ఆయనకు దాదాపు 61 వచ్చాయి. టెలిఫోన్ పుస్తకాల్లోంచీ కార్ల రిజిస్ట్రేషన్లలోంచీ పేర్లు ఏరితే, ఆ రోజుల్లో ఫోనూ కారూ లేనివాళ్ల మాట ఎక్కడ వినపడుతుంది? వర్గమూలం కింద ఎన్ని లక్షలు పెట్టినా ఆ తప్పు చిన్నదవదు.

ఆ మాటకు నిజంగా విలువిచ్చే పని మా పొలాల్లోనే ఒకటుంది, దిగుబడి ఎంతో తేల్చే పంట కోత ప్రయోగం. యాదృచ్ఛిక సంఖ్యల పట్టిక చూసి సర్వే నంబరు ఎంచుతారు. వరి చేలో అటు ఐదు మీటర్లు, ఇటు ఐదు మీటర్లు కొలిచి, ఆ ముక్క కోసి తూకం వేస్తారు. ఫసల్ బీమా నియమాల్లో ప్రధాన పంటకు పంచాయతీకి కనీసం నాలుగు ప్రయోగాలు. తమ 36 ఎక్కడ, ఈ నాలుగెక్కడ! (ఇదీ వర్గసంఖ్యే, తమరు సంతోషించవచ్చు.) నాలుగింటి మీద జెడ్ టేబుల్ పని చేయదు, చిన్న మచ్చులకు వాడే టి టేబుల్ కావాలి. నూటికి తొంభై ఐదు నమ్మకం కావాలంటే 1.96 ఉండే చోట 3.182 వచ్చి కూర్చుంటుంది. ఆ టి లెక్క కట్టిన గోసెట్ డబ్లిన్‌లో గిన్నెస్ బీరు కంపెనీ ఉద్యోగి. కంపెనీ సొంత పేరుతో అచ్చు వేసుకోనివ్వకపోతే 1908లో "స్టూడెంట్" అని పేరు పెట్టుకుని రాశాడు. అది నిజం కంపెనీ కాబట్టి మచ్చు తక్కువ, విచలనం తెలియదు, అంకెలు తెగవు. కొత్త లెక్క కట్టక తప్పలేదు. తమకు ఆ అవసరం ఎన్నడూ రాలేదు.

నేను ఈ ఉత్తరం రాయడానికి కారణం మాత్రం గోసెట్టూ కాదు, రూజ్‌వెల్టూ కాదు. మా నాన్న.

ఆ ఏడు సార్వా మాసూళ్లయ్యాక నాన్న ధాన్యాన్ని రోడ్డు పక్కన బరకాల మీద ఆరబోశాడు. కొనుగోలు కేంద్రానికి ఇవ్వాలంటే తేమ 17 శాతం దాటకూడదు. తేమ చూసే మిషన్ పట్టుకుని ఒకతను వచ్చాడు. వంగి, నీడ పక్క, రాశి అడుగున చెయ్యి దూర్చి గుప్పెడు తీశాడు. 19.2. నాన్న ఊరుకుంటాడా? "ఇటు చూడండి బాబూ" అని ఎండ తగిలే పక్క పైపైన దోసెడు తీసిచ్చాడు. 16.1. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎక్కడ చెయ్యి పెడితే ఎంతొస్తుందో ఇద్దరికీ తెలుసు.

మా ఊళ్లో దీన్ని ప్రతిచయనం అనరు, మచ్చు తీయడం అంటారు. మచ్చు అనగానే "ఎవరు తీశారు, ఎక్కణ్ణుంచి తీశారు" అని అడుగుతారు. తమ పుస్తకం ఆ మాటతో పాటు ఆ ప్రశ్ననూ వదిలేసింది.

చదువుకున్నవాణ్ణి కదా, మధ్యలో దూరాను. "అలా కాదండీ, రాశిలో తొమ్మిది చోట్ల నుంచి తీసి సగటు కడదాం" అన్నాను.

అతను మిషన్ దించి నా వంక చూశాడు. "తొమ్మిదే ఎందుకు తమ్ముడూ?"

నోరు జారింది. "వర్గమూలం మూడొస్తుందని."

వెనక ట్రాక్టరు మీద కూర్చున్నాయన పడీపడీ నవ్వాడు. మిషన్ అతనూ నవ్వాడు. నాన్న నవ్వలేదు. నా ఫీజులు కట్టింది ఆయనే.

అయ్యా, ఎక్కడెక్కడ నుంచి తీయాలో చెప్పమంటే నా దగ్గర సమాధానం లేదు. రాశిని నిట్టనిలువునా ఎలా పంచుకోవాలి, అడుగున ఎన్ని, పైన ఎన్ని, ఏ చోటో ఎవరు చీటీ తీయాలి, ఏమీ తెలియదు. తమ లెక్కలు నలభై చేసినవాడికి తెలిసిందల్లా ఎన్ని తీస్తే భాగహారం తేలికో అంతే. "తొమ్మిదిసార్లు చూస్తూ కూర్చుంటే సాయంత్రానికి రెండు రాశులు కూడా అవవు. ఇంకో రెండు రోజులు ఎండనివ్వండి" అని అతను ముందుకెళ్లిపోయాడు. అతని తప్పూ లేదు.

ఆ సాయంత్రమే మబ్బు పట్టింది. చీకటి పడ్డాక నాన్నా నేనూ ధాన్యం కుప్పగా ఎత్తి, బరకాలు కప్పి, కర్రకు కట్టిన బల్బు వెలుతురులో తాళ్లు బిగిస్తున్నాం. ఆ బల్బు ఒకసారి మిణుకుమని ఆరిపోయింది.

"ఇది ఎప్పుడు కొన్నాంరా?" అన్నాడు నాన్న చీకట్లోంచి.

గుర్తులేదన్నాను. ఫోన్ లైటు వేసుకుని మిగతా రెండు ముళ్లూ వేశాం.

ఇట్లు,
మూడో విడతలో పాసైన తమ విధేయుడు

తా.క. ఈసారికి ఆ కుర్రాడితో 37 బల్బులు తీయించండి. కాలిక్యులేటర్ నేను తెచ్చుకుంటాను.