సవరణ: యేసు గాయాలను తోమా ముట్టుకున్నట్టు బైబిల్లో లేదు

నరసాపురం, పాలకొల్లు వైపు యువజన కూడికల కోసం పోయిన వారం పెట్టిన పాఠంలో ‘యేసు తిరిగి లేచాడని శిష్యుడు తోమా ఆయన గాయాల్లో వేలు పెట్టి చూశాకే నమ్మాడు’ అని రాశాను. అది నా పొరపాటు. తెలుగు బైబిలునూ గ్రీకు మూలాన్నీ పక్కపక్కన పెట్టి మళ్లీ చదివాను. యోహాను 20:25లో గాయాలు చూసి, ముట్టుకుంటేనే నమ్ముతానని తోమా షరతు పెడతాడు, 27లో యేసు చెయ్యి చాచమంటాడు, 28లో తోమా ‘నా ప్రభువా, నా దేవా’ అంటాడు. ముట్టుకున్న మాట ఎక్కడా లేదు. అది పాత చిత్రపటాల వల్ల మన మనసుల్లో పాతుకుపోయింది.

పాఠం చెప్పేవాళ్లు 24 నుంచి కాకుండా 19వ వచనం నుంచి చదివించండి. 24తో మొదలుపెడితే 20వ వచనం జారిపోతుంది. మిగతా శిష్యులకు యేసు చేతులూ ప్రక్కా చూపించింది అక్కడే. వాళ్లు అప్పటికే చూసినదాన్నే తోమా అడిగాడు. ఆ వచనం వదిలేస్తే అతనొక్కడే దోషిగా మిగులుతాడు, ప్రశ్న అడగాలనుకున్న పిల్లలు నోరు మూసుకుంటారు.

సందేహించకుండా విశ్వాసంతో అడగాలనే యాకోబు 1:6 గురించి రాసింది చదివి, సందేహం ఉన్నవాళ్లు ప్రార్థించకూడదేమో అని కొందరు అనుకున్నారు. నా ఉద్దేశం అది కాదు. 8వ వచనంలోని ‘ద్విమనస్కుడు’ అన్న మాటే చెబుతోంది, అక్కడి సంగతి రెండుగా చీలిన మనసు గురించి. మత్తయి 28:17లో తిరిగి లేచిన యేసుకు పదకొండుమంది శిష్యులు మొక్కారు, కొందరు సందేహించారు. అక్కడ ‘సందేహించడం’ అనడానికి వాడిన గ్రీకు క్రియ యాకోబు 1:6లోది కాదు, వేరు. ఆ వెంటనే అందరికీ కలిపే యేసు పని అప్పగించాడు. యూదా 22 కూడా సందేహపడేవారిమీద కనికరం చూపమంటుంది.

సరిచేసిన పాఠం పెట్టాను. పాతది ప్రింటు తీసినవాళ్లు తోమా పేరా కొట్టేయండి.