పసినోటి ముద్దకు నిప్పు

దుబాయ్ గోదాములో నెలల తరబడి పడి ఉన్న దాదాపు 500 టన్నుల పోషక బిస్కెట్లను కాల్చివేయాలని 2025లో అమెరికా ప్రభుత్వం నిర్ణయించింది. యుద్ధం వల్లనో, వరద వల్లనో, భూకంపం వల్లనో పొయ్యి వెలిగించుకునే దిక్కు లేని చోట, ముఖ్యంగా అయిదేళ్లలోపు పిల్లల ప్రాణం నిలబెట్టడానికి, గత ప్రభుత్వ హయాంలో సుమారు 8 లక్షల డాలర్లు వెచ్చించి కొన్న తిండి ఇది. అఫ్ఘానిస్థాన్, పాకిస్థాన్ పిల్లలకు చేరవలసినది. 15 లక్షల మంది చిన్నారులకు వారం రోజులు సరిపోతుందని లెక్క. పంపించడానికి అనుమతి ఇవ్వాలని సిబ్బంది పదేపదే కోరినా పైవారు పలకలేదని అక్కడి పత్రికలు బయటపెట్టాయి. చూస్తుండగానే గడువు తీరిపోయింది. ఆ తిండిని కాల్చడానికి మరో లక్షా 30 వేల డాలర్ల ఖర్చు లెక్కకట్టారు.

తమ పన్నుల సొమ్మును ఎలా ఖర్చు చేయాలో ఆ దేశ ప్రజలు ఎన్నుకున్న ప్రభుత్వమే నిర్ణయించుకుంటుందన్న వాదన ఉంది. విదేశీ సాయంలో దుబారా ఉందన్న మాటా పూర్తిగా అబద్ధం కాదు. కానీ ఆ వాదనలేవీ ఈ బిస్కెట్లకు వర్తించవు. డబ్బు అప్పటికే ఖర్చయింది, సరుకు అప్పటికే గోదాముకు చేరింది, ఇక పంచడమే తరువాయి. ఇందులో ఆదా అయినది ఒక్క డాలరు కూడా లేదు. ఆహారం పాడయ్యేలోగా అందవలసిన వారికి అందేలా చూస్తామని విదేశాంగ మంత్రి మార్కో రూబియో ఆ ఏడాది మే నెలలో చట్టసభకు చెప్పారు. గడువు తీరేదాకా ఎందుకు ఉంచారని సెనేట్‌లో ప్రశ్న వచ్చినప్పుడు ఆయన శాఖ నుంచి సరైన జవాబు రాలేదు.

ప్రపంచంలో తీవ్ర పోషకాహార లోపంతో శుష్కించిపోతున్న అయిదేళ్లలోపు పిల్లలు 4 కోట్లకు పైగా ఉన్నారు. వారందరి ముందు 500 టన్నులు ఎంత అని అడగవచ్చు. మమ్మల్ని కలవరపెడుతున్నది ఆ పరిమాణం కాదు, దానితో మొదలవుతున్న ఆనవాయితీ. పసిపిల్లల కోసం కొన్న తిండిని చేతిలో ఉండగానే పాడుచేసి, ఆ తర్వాత దాన్ని మామూలు కార్యాలయ వ్యవహారంలా దహనశాలకు పంపి, ఏ ఒక్కరూ సంజాయిషీ ఇవ్వనక్కరలేకుండా బయటపడవచ్చని ఒకసారి రుజువైతే, ఆ వెసులుబాటును రేపు ప్రతి ప్రభుత్వమూ వాడుకుంటుంది. పేద దేశాల పాలకులు మరింత సులువుగా వాడుకుంటారు. అంత సంపన్న దేశమే చేసినప్పుడు మమ్మల్ని అడిగేదెవరని అంటారు.

ఈ దహనం ఒంటరిగా వచ్చినదీ కాదు. 2025 జనవరి 20న అమెరికా విదేశీ సాయాన్ని స్తంభింపజేసింది. జూలై 1 నాటికి ఆరు దశాబ్దాల నాటి సాయ సంస్థ యూఎస్ఎయిడ్ మూతపడింది. ఆ సంస్థ నిధుల కోత కొనసాగితే 2030 నాటికి కోటీ 40 లక్షలకు మించి అదనపు మరణాలు సంభవించవచ్చని, అందులో 45 లక్షలకు పైగా అయిదేళ్లలోపు పిల్లలవే కావచ్చని లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనం అంచనా వేసింది. బ్రిటన్ తన జాతీయాదాయంలో సాయం వాటాను 0.5 శాతం నుంచి 2027 నాటికి 0.3 శాతానికి తగ్గిస్తానని 2025 ఫిబ్రవరిలోనే ప్రకటించింది. మిగిలే సొమ్ము రక్షణ ఖర్చులకు పోతుంది. సంపన్న దేశాలు 0.7 శాతం ఇవ్వాలని ఐక్యరాజ్యసమితి తీర్మానించింది 1970లో. అయిదున్నర దశాబ్దాలు గడిచినా ఆ మాట నిలబెట్టుకున్న దేశాలను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అదే ప్రపంచం 2024 ఒక్క ఏడాదిలో సైన్యాలపై 2.7 లక్షల కోట్ల డాలర్లు ఖర్చు చేసింది. డబ్బు లేదన్న మాటను ఇక ఎవరూ నోటితో అనకూడదు.

కొందరు ఇదంతా దూరదేశాల గొడవ అనుకుంటారేమో. హైదరాబాద్ వాసులకు ఆ సౌలభ్యం లేదు. పేద దేశాల పిల్లల చేతికి సూదిగానో, నాలుక మీద చుక్కగానో పడే టీకాల్లో పెద్ద భాగం మన నగరం చుట్టుపక్కల తయారవుతున్నదే. ప్రాణాంతక అతిసారాన్ని ఆపే రోటా టీకా, పసివారికీ పనికొచ్చే టైఫాయిడ్ టీకా ఇక్కడి ప్రయోగశాలల్లో రూపుదిద్దుకుని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదం పొందాయి. అలాంటి టీకాలను కొని పేద దేశాలకు చేర్చే గావి కూటమి 2000లో ఏర్పడింది. ఇప్పటికి వంద కోట్లకు మించి పిల్లలకు టీకాలు అందడానికి తోడ్పడింది. 2025 జూన్ 25న బ్రస్సెల్స్‌లో ఆ కూటమికి రానున్న అయిదేళ్లకు నిధులు సమకూర్చే సభ జరుగుతుండగానే, ఇకపై మా డబ్బు ఇవ్వబోమని అమెరికా ఆరోగ్య మంత్రి వీడియో సందేశం పంపారు. 1990లో ఏటా కోటీ 28 లక్షల మంది పిల్లలు అయిదో పుట్టినరోజు చూడకుండానే కన్నుమూసేవారు. 2023 నాటికి ఆ సంఖ్య 48 లక్షలకు దిగింది. టీకా, ఉప్పు పంచదార కలిపిన నీళ్లు, దోమతెర, తల్లిపాలు, శుష్కించిన పిల్లలకు వేరుసెనగ ముద్ద వంటివాటితో, లక్షలాది గ్రామ కార్యకర్తల కాళ్ల అరుగుదలతో సాధించిన తగ్గుదల అది. ఒక్క సంతకంతో దాన్ని వెనక్కి తిప్పవచ్చని ఇప్పుడు తేలిపోయింది.

వేరుసెనగ ముద్ద గురించి ఒక మాట చెప్పాలి. పల్లీల పిండి, పాలపొడి, నూనె, చక్కెర, విటమిన్లు, ఖనిజాలు కలిపి చేసే ఆ చిన్న ప్యాకెట్లో 500 కేలరీలు ఉంటాయి. నీళ్లు కలపనక్కరలేదు, వండనక్కరలేదు. తీవ్రంగా శుష్కించిన బిడ్డ ఆరు నుంచి ఎనిమిది వారాలు తింటే చాలావరకు కోలుకుంటుంది. అలాంటి బిడ్డను వదిలేస్తే, బాగా తినే బిడ్డకంటే చనిపోయే ముప్పు పది రెట్లు దాటుతుంది. అయిదేళ్లలోపు మరణాల్లో దాదాపు సగం వెనుక ఉన్నది పోషకాహార లోపమే. జబ్బేమిటో తెలుసు, మందు తెలుసు, ఆ మందులో పడే పల్లీ పాలమూరులో, అనంతపురంలో పండుతుంది. ఇంత తెలిసిన తర్వాత పోతున్న ప్రాణాన్ని దురదృష్టం ఖాతాలో వేయడం అన్యాయం.

తెలుగు నేలకు ఈ వ్యవహారం కొత్త కాదు. 1876లో మొదలైన ధాత కరువులో కడప, కర్నూలు, బళ్లారి ప్రాంతాలు శవాల దిబ్బలైనప్పుడు, వైస్రాయి లిట్టన్ ప్రభుత్వం ధాన్యం ఎగుమతిని ఆపలేదు. బజారు వ్యవహారంలో తలదూర్చరాదని సిద్ధాంతం చెప్పింది. కరువు పనికి వచ్చిన మనిషికి రోజు కూలీని ఒక పౌను గింజల లెక్కకు కుదించింది. దక్షిణాదిలో 50 లక్షల మందికి పైగా పోయారని చరిత్రకారుల అంచనా. అంత జరిగాక 1880లో కరువు కమిషన్ నివేదిక, ఆపై కరువు నియమావళి వచ్చాయి. ఆకలితో ఉన్నవాడి ప్రాణం నిలపడం ప్రభుత్వ విధి అన్నది కాగితం మీదకైనా ఎక్కింది. అమలులో ఎన్ని లోపాలున్నా, అడగడానికి ఒక ఆధారం దొరికింది. నేడు జరుగుతున్నది దీనికి తలకిందులు. కాగితం మీద ఉన్న విధిని ఒక్కొక్క గీతగా చెరిపేస్తున్నారు.

1989 నవంబరు 20న ఐక్యరాజ్యసమితి ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడిక, ప్రతి బిడ్డకూ జీవించే హక్కు ఉందని, ఆ బిడ్డ బతికి ఎదిగేలా ప్రభుత్వాలు శక్తికొద్దీ చూడాలని ఆరో అధికరణంలో రాసింది. 196 పక్షాలు దాన్ని ధ్రువీకరించాయి. మన దేశం 1992లో చేరింది. 1995లో సంతకం చేసిన అమెరికా నేటికీ ధ్రువీకరించలేదు. ఆకలిని యుద్ధాయుధంగా వాడరాదని 2018లో భద్రతామండలి 2417వ తీర్మానం ఏకగ్రీవంగా చెప్పింది. అయినా సూడాన్‌లోని జమ్జమ్ నిర్వాసితుల శిబిరంలో 2024 ఆగస్టులో కరువును నిపుణులు నిర్ధారించిన తర్వాత కూడా దిగ్బంధం సడలలేదు. 2025 ఏప్రిల్‌లో సాయుధ దళాలు ఆ శిబిరం మీదే పడ్డాయి. గాజాలోకి 2025 మార్చి 2 నుంచి పదకొండు వారాలపాటు ఇజ్రాయెల్ తిండి గింజ పోనివ్వలేదు. సరిహద్దు అవతల మాత్రం లారీలు బారులు తీరి నిలిచాయి. గాజా మీద యుద్ధానికి ఆయుధాలు పంపిన చేతులు, సూడాన్‌కు తుపాకులు చేర్చిన చేతులు బాలల హక్కుల గురించి సభల్లో తీర్మానాలు రాస్తూనే ఉన్నాయి. వెలివేత లేదు, విచారణ లేదు. ఒక దిగ్బంధానికి శిక్ష పడకపోతే రెండోది దాన్ని చూపి నడుస్తుంది. ఆనవాయితీ అంటే ఇదే. దుబాయ్ గోదాము ఆ వరసలో చేరింది.

మన ఇంటి సంగతీ చెప్పకుండా తప్పించుకోలేం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో అయిదేళ్లలోపు పిల్లల్లో 33.1 శాతం వయసుకు తగ్గ ఎత్తు లేనివారు, 21.7 శాతం ఎత్తుకు తగ్గ బరువు లేనివారు. దేశ సగటు కంటే మన శుష్కత ఎక్కువ. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ సూత్రంతో నాచారంలో తయారయ్యే బాలామృతం ఉంది. గోధుమలు, సెనగలు, పాలపొడి, చక్కెర, నూనెతో చేసే ఆ పొడి అంగన్‌వాడీల ద్వారా ఏడు నెలల నుంచి మూడేళ్ల పిల్లల ఇళ్లకు వెళుతుంది. అది సమయానికి, సరైన పాళ్లలో ప్రతి బిడ్డకూ చేరితే ఆ శాతాలు ఇలా ఉండవు. ఏ అంగన్‌వాడీలో నిల్వ అయిపోయి ఎన్నాళ్లయిందో, ఏ గోదాములో గడువు దగ్గర పడుతున్నదో నెలనెలా ప్రజల ముందు పెట్టాలని మేము రాష్ట్ర ప్రభుత్వాన్ని అడుగుతున్నాం. వాషింగ్టన్‌ను వేలెత్తి చూపే అర్హత దక్కాలంటే అది కనీస పని.

ఇక న్యూఢిల్లీ మౌనం ఏ రకంగానూ సమర్థనీయం కాదు. 2021లో అఫ్ఘానిస్థాన్‌కు 50 వేల టన్నుల గోధుమలు ఇస్తానని ముందుకొచ్చి, 2022లో పాకిస్థాన్ మీదుగా లారీల్లో పంపడం మొదలుపెట్టిన దేశం మనది. ఆ తర్వాత ఇరాన్‌లోని చాబహార్ రేవు దారి కూడా వాడుకుంది. అప్పుడు కాబూల్ పాలకులను గుర్తించకుండానే అక్కడి పిల్లలకు గింజలు పంపగలిగాం. భారత ఆహార సంస్థ గోదాముల్లో నిబంధనలకు మించి బియ్యం పేరుకుపోయిన 2025లో, అమెరికా మంటల్లో వేసిన ఆ వారం రోజుల తిండికి బదులు మేము ఇస్తామని ఒక్క ప్రకటన చేయడానికి విదేశాంగ శాఖకు ఏమి అడ్డం వచ్చింది? అప్పట్లో వాణిజ్య ఒప్పందం చర్చలు నడుస్తున్నాయి కాబట్టి అమెరికాను నొప్పించకూడదన్నదే కారణమైతే, ఆ లెక్కను దేశం ముందు పెట్టండి. వసుధైవ కుటుంబకం అన్న పలకను జీ20 వేదికల మీద ఎత్తిపట్టిన ప్రభుత్వానికి, ఆ కుటుంబంలోని పసివాళ్ల తిండి కాల్చేస్తుంటే నోరు పెగలకపోవడం సిగ్గుచేటు. ప్రపంచ ఆహార కార్యక్రమం ద్వారా బియ్యాన్ని పంపే ఉత్తర్వు వెంటనే వెలువడాలి. అఫ్ఘానిస్థాన్‌లో చలికాలం నవంబరులో మొదలవుతుంది, కొండదారులు మంచుతో మూసుకుపోతాయి, ఆ తర్వాత ఎంత పంపినా ఊళ్లకు చేరదు.