డాబా మీద తిరిగే డిష్: మామయ్య వద్దంటారు, అల్లుడు తగ్గడు

విశాఖపట్నంలో ఒక రెండంతస్తుల ఇల్లు. కేబుల్ టీవీ కొత్తగా వచ్చిన రోజుల నుంచి డిష్‌లు బిగిస్తున్న మామయ్య ఒకవైపు. 90 సెంటీమీటర్ల డిష్షు, దాన్ని తూర్పు పడమరలకు తిప్పే మోటారు కొని తెచ్చిన మేనల్లుడు మరోవైపు. పెట్టె ఇంకా విప్పనే లేదు, వాదన మొదలైంది.

మామయ్య: ఆ పెట్టె అలాగే కొట్లో తిరిగి ఇచ్చేసి రా. నీకు కావలసినవి మూడు ఉపగ్రహాలనుకో, మూడు చిన్న డిష్‌లు పెట్టి ఒక స్విచ్ తగిలిస్తే ఏళ్ల తరబడి నడుస్తాయి. కదిలేది ఏదైనా అరుగుతుంది. పైగా ఇక్కడ ఉప్పుగాలి.

అల్లుడు: మూడుతో నా ఆశ తీరదు మామయ్యా. తూర్పు రేఖాంశం 68.5 డిగ్రీల నుంచి 108.2 డిగ్రీల వరకు ఏ ఉపగ్రహం అందితే దాన్ని చూడాలని ఉంది. దానికి ఎన్ని డిష్‌లు పెట్టమంటారు? మోటారు దానంతటది చెడిపోదు. బిగించేవాడి చేతిలో చెడిపోతుంది.

మామయ్య: ఆ చేతుల్ని చూశాను కాబట్టే వద్దంటున్నాను. నా దగ్గరికి వచ్చిన మోటార్లలో చాలావాటికి ఒకటే జబ్బు. లోపల వార్మ్ గేరు, అంటే మరచుట్టుతో తిరిగే పళ్ల చక్రం, ఉంటుంది. మోటారు డిష్‌ను తిప్పగలదు గానీ, డిష్‌ను పట్టుకుని మోటారును తిప్పడం కుదరదు. సిగ్నల్ కొంచెం తగ్గిందని డిష్ అంచు పట్టుకుని ఇటు నెడతారు. ఇరుసు నుంచి 45 సెంటీమీటర్ల దూరంలో వేసిన ఆ బలమంతా బియ్యపు గింజంత గేరు పన్ను మీద పడుతుంది. ఆ రోజుకు ఏమీ తెలియదు. కొన్నాళ్లకు అంచును వేలితో తాకితే చాలు, డిష్ అటూ ఇటూ ఆడుతుంది. ఇక గాలి వీచినప్పుడల్లా బొమ్మ ముక్కలవుతుంది.

అల్లుడు: అంచు ముట్టుకోను. పక్కకు జరపాలంటే మోటారును స్తంభానికి పట్టి ఉంచే క్లాంపు బోల్టులు వదులు చేసి, మోటారు ఒంటినే పట్టుకుని మొత్తంగా జరుపుతాను. ఎత్తు మార్చాలంటే డిష్ వెనకాల బ్రాకెట్ ఉంది. ఇరుసు మాత్రం మోటారు మీది మీటతోనో రిసీవర్‌తోనో తప్ప తిరగదు.

మామయ్య: మోటారును తిప్పి చూసేది డిష్ ఎక్కించాకనా, ముందా?

అల్లుడు: ముందే. మోటారును కింద బల్ల మీద పెట్టి రిసీవర్‌కు తగిలిస్తాను. సున్నాకు పంపి, ఇరుసు మీది గీత సున్నాకు ఎదురుగా నిలిచిందో లేదో చూస్తాను. తర్వాత ఖాళీగా ఈ చివరికీ ఆ చివరికీ తిప్పి, మళ్లీ సున్నాకు తెస్తాను. లోపల ఏదైనా కరకరమంటే నిచ్చెన ఎక్కకముందే తెలుస్తుంది.

(ఇక్కడ నేను అల్లుడి పక్షం. మోటారు సున్నాలో లేకుండా డిష్ బిగిస్తే ఆ తర్వాత చేసే ప్రతి సర్దుబాటూ తప్పు మీద తప్పే.)

మామయ్య: సరే, స్తంభం ఎక్కడ?

అల్లుడు: పిట్టగోడకు యాంకర్ బోల్టులు వేసి.

మామయ్య: అక్కడ ఆగు! పిట్టగోడ ఒట్టి ఇటుక. కదలని డిష్‌కైతే సరిపోతుందేమో. ఇది తిరిగిన కొద్దీ బరువు ఒక పక్క నుంచి ఇంకో పక్కకు మారుతుంది, ఆ ఊగిసలాటకు బోల్టు చుట్టూ రంధ్రం పెద్దదవుతుంది. పోనీ శ్లాబుకు కన్నం వేద్దామంటే వానాకాలం కింద గదిలో కారుతుంది. పై అంతస్తు కోసమని వదిలిన పిల్లరు కడ్డీలు ఆ మూల ఉన్నాయి చూడు. వాటిని కలుపుకుని చిన్న కాంక్రీటు దిమ్మ కట్టి, అందులో మందపాటి జీఐ పైపు నిలబెట్టు. దిమ్మ గట్టిపడే దాకా పైపును ముట్టుకోకు.

అల్లుడు: పిట్టగోడ సంగతి ఒప్పుకుంటున్నాను. దిమ్మే కట్టిస్తాను.

మామయ్య: పైపు నిటారుగా ఉండాలి. స్పిరిట్ లెవెల్ ఒక పక్క పెట్టి సరిపోయిందనకు. తూర్పు నుంచి ఒకసారి, దక్షిణం నుంచి ఒకసారి చూడాలి. నీ డిష్ చూపు వెడల్పు రెండు డిగ్రీలు కూడా ఉండదు. పైపు ఒక డిగ్రీ ఒరిగితే నడుమ ఉన్న ఉపగ్రహం దొరుకుతుంది, చివర్లవి జారిపోతాయి. అప్పుడే మనిషికి చిరాకు పుట్టి డిష్ అంచు మీద చేయి వేస్తాడు. గేరు విరగడానికి అసలు మూలం పైపు దగ్గరే ఉంది.

అల్లుడు: ఆ విషయంలో మన ఊరికి ఒక వరం ఉంది. విశాఖ రేఖాంశం 83.3 డిగ్రీలు. జీశాట్ 30 ఉన్నది 83 డిగ్రీల తూర్పున. అంటే అది మనకు నేరుగా దక్షిణాన, దాదాపు 69 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. మోటారును సున్నాలోనే ఉంచి, మొత్తం కట్టును పైపు మీద తిప్పుతూ ఆ ఉపగ్రహాన్ని పట్టుకుంటే దక్షిణం దొరికినట్టే. దిక్సూచిని నమ్మను. ఇనుప పైపు, పిల్లరు కడ్డీల పక్కన ముల్లు పక్కకు లాగుతుంది.

మామయ్య: బాగుంది. మోటారు వాలు ఎంత పెడతావు?

అల్లుడు: మన అక్షాంశం, 17.7.

మామయ్య: ఏ స్కేలు మీద? ఆ మోటారుకు రెండు పక్కలా అంకెలున్నాయి. ఒకవైపు అక్షాంశం, రెండోవైపు ఎత్తు. అటువైపు చూస్తే ఇదే వాలు 72.3 అవుతుంది. తప్పు పక్కన 17.7 పెట్టి, డిష్ ఎక్కించి, తిప్పేసరికి డిష్ అడుగు అంచు పైపుకు కొట్టుకుంటుంది. ఆపడానికి ఎవరూ ఉండరు, మోటారు తోస్తూనే ఉంటుంది.

అల్లుడు: అందుకే తూర్పు, పడమర హద్దులు మోటారు జ్ఞాపకంలో ముందే పెడతాను. మొదటిసారి తిప్పేటప్పుడు నేను డాబా మీద ఉంటాను, రిసీవర్ దగ్గర చెల్లి ఉంటుంది. ఆపమంటే ఆపాలి.

మామయ్య: హద్దులకు అంకెలెక్కడివి? 108.2లో 83.3 తీసేసి 25 అంటావా?

అల్లుడు: అనను. మనం భూమి నడిమధ్యలో లేం, పైన ఉన్నాం. కాబట్టి రేఖాంశాల తేడా 25 అయితే మోటారు తిరగాల్సింది సుమారు 29. యూసాల్స్ అనే, మోటారు కోణం లెక్కగట్టే సదుపాయం ఉన్న రిసీవర్‌కు అక్షాంశ రేఖాంశాలు ఇస్తే ఆ లెక్క అదే వేస్తుంది. హద్దును దానికి కాస్త అవతల పెడితే సరి.

మామయ్య: కరెంటు సంగతి చెప్పు. నువ్వు తెచ్చిన కేబుల్ చూశాను. లోపలి తీగ ఉక్కు, పైన రాగి పూత.

అల్లుడు: సిగ్నల్‌కు అది చాలదా?

మామయ్య: సిగ్నల్‌కు చాలుతుంది. అంత పౌనఃపున్యం తీగ పైపొరలోనే పోతుంది కాబట్టి మీటరులో అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. మోటారుకు కావలసింది రిసీవర్ నుంచి అదే తీగలో వచ్చే 13 లేదా 18 వోల్టుల కరెంటు. అది తీగ నిండా పారాలి. ఉక్కులో దారిలోనే వోల్టేజి పడిపోతుంది, మోటారు సగంలో ఆగి మూలుగుతుంది. అప్పుడు మోటారును తిట్టుకుంటారు. పూర్తి రాగి తీగ కొను, పొడవు ఎంత తగ్గితే అంత మంచిది. ఇంకోటి, కనెక్టర్లు తగిలించేటప్పుడు రిసీవర్ ప్లగ్గు గోడ నుంచి పీకేయాలి. రిమోట్‌తో ఆపితే చాలదు. కేబుల్ చుట్టూ ఉండే జల్లెడ తీగలో ఒక్క పోగు నడిమి తీగను తాకితే రిసీవర్ కరెంటు సరఫరా విభాగమే పోవచ్చు.

అల్లుడు: కనెక్టర్ బిగించే ముందు ప్రతి చివరా వెలుతురులో పెట్టి చూస్తాను. తర్వాత సిలికాన్ పూస్తాను.

మామయ్య: వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ వద్దు. అందులోని ఆమ్లం రాగిని తినేస్తుంది. తనలో తాను అతుక్కునే రబ్బరు టేపు చుట్టు. మోటారు అడుగున ఉన్న నీటి కన్నాన్ని మాత్రం మూయకు. డిష్ ముందు సిగ్నల్ అందుకునే ఎల్‌ఎన్‌బీ కేబుల్‌కు వదులు ఉంచు, ఏ చివరికి తిరిగినా బిగుసుకోకూడదు.

(ఇక్కడ మామయ్యదే పైచేయి. మోటారు కొన్నవారు ముందు కేబుల్ మార్చాలన్నది నా మాట కూడా.)

అల్లుడు: ఇన్ని జాగ్రత్తలు చెబుతూ కూడా వద్దనే అంటారేమిటి?

మామయ్య: 2014 అక్టోబరు 12 గుర్తుందా? హుద్‌హుద్ తుపాను. గంటకు 180 కిలోమీటర్ల గాలి. అంత గాలికి నీ 90 సెంటీమీటర్ల డిష్ మీద వంద కిలోలకు పైగా ఒత్తిడి పడుతుంది. ఆ చిన్న గేరు అంత బలాన్ని ఆపుతుందా?

అల్లుడు: ఆపదు. మరి మీ మూడు డిష్‌లను ఆ గాలి వదిలేస్తుందా? మూడు చోట్ల పట్టుకుంటుంది. తుపాను హెచ్చరిక రాగానే నేను మోటారును సున్నాకు పంపి, బోల్టులు విప్పి, డిష్‌ను కిందికి దించుతాను. బోల్టులు స్టెయిన్‌లెస్ స్టీలువి వేసి గ్రీజు రాస్తే ఉప్పుగాలిలోనూ విప్పడానికి వస్తాయి. మళ్లీ పెట్టేటప్పుడు చోటు తప్పకుండా బ్రాకెట్ మీద గీతలు గీసి ఉంచుతాను.

మామయ్య: దించుతానంటున్నావు కాబట్టి ఆ భయం వదిలేస్తాను. ఒక్కటి మాత్రం వదలను. మీ అమ్మమ్మ సీరియల్ చూస్తుండగా నువ్వు 68.5కు తిప్పితే ఆవిడ టీవీ ఏమవుతుంది?

అల్లుడు: ఆగిపోతుంది.

మామయ్య: 93.5 డిగ్రీల జీశాట్ 15కు, అంటే ఫ్రీ డిష్‌కు, 60 సెంటీమీటర్లది ఒకటి విడిగా, కదలకుండా. కేబుల్ విడిగా. అది పెడితేనే నీ మోటారుకు నా అనుమతి.

అల్లుడు: పెడతాను. బిగించేది మీరే.

మామయ్య: బిగిస్తాను. ముందు ఆ పెట్టె విప్పు, బల్ల మీద తిప్పి చూద్దాం. ప్లగ్గు ఇంకా పెట్టకు.