ఏ బంతి నుంచి లేపినట్టు?

ఇంగ్లండు ఫుట్‌బాల్ తగువుల మీద పర్లాకిమిడిలో కూర్చున్నవాడికి అభిప్రాయమెందుకని పాఠకులు అడగవచ్చును. 1936లో మా ఊరు ఒడిశాలో కలిసింది మొదలు మా అభిప్రాయం అడిగినవారు లేరు గనుక, అడగకుండానే చెప్పడం మాకు అలవాటయింది.

2023 సెప్టెంబరు 3న మాంచెస్టర్ యునైటెడ్ 3-1తో ఆర్సెనల్ చేతిలో ఓడింది. జట్టులో జేడన్ సాంచో ఎందుకు లేడని విలేకరులు అడిగితే, సాధనలో అతని పనితీరు చూసే తీసుకోలేదని మేనేజరు ఎరిక్ టెన్ హాగ్ మైకు ముందే సెలవిచ్చారు. సాంచో ఊరుకోలేదు, అది నిజం కాదనీ, తనను చాలాకాలంగా బలిపశువును చేస్తున్నారనీ ఎక్స్‌లో రాసేశాడు. ఈ పోలిక మా వైపు జాతరలు చూసినవారికి మింగుడుపడదు. ఇక్కడ బలికి తెచ్చిన మేకపోతుకు పసుపు రాసి, మెడలో బంతిపూల దండ వేసి, చివరి పూట దాకా మేపుతారు. అక్కడ ముందుగా ఆపింది మేతనే. 2021లో 7.3 కోట్ల పౌండ్లు పోసి తెచ్చుకున్న మనిషిని మొదటి జట్టు సాధనతో పాటు భోజనశాలకు కూడా రానివ్వలేదు. బంతి ఆటలో వచ్చిన తగువుకు భోజనాల బంతి నుంచి లేపడమనే ఈ శ్లేష, తెలుగు ముక్క రాని డచ్చి పెద్దమనిషికి ఎలా స్ఫురించిందా అని నేను రెండు రోజులు ఆలోచించాను.

మా బంధువుల పెళ్లిలోనూ అచ్చం ఇదే జరిగింది. రెండో బంతి సగంలో ఉండగా, సాంబారు బకెట్టు పందిరిగుంజకు ఆనించి ఫోను చూసుకుంటున్న మేనల్లుణ్ణి చూసి, భోజనాల పెత్తనం చేస్తున్న పెద్దమామ సన్నాయివాళ్ల మైకు లాక్కుని, “ఈ గుంటడు నిన్నట్నుంచీ గరిటి ముట్టుకోనేదర్రా!” అని చాటారు. తెల్లవారుజామున ఉల్లిపాయలన్నీ తరిగిందెవరో అందరికీ తెలుసునని వాడు కుటుంబ వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. వాడికి విస్తరి వేసినవాడు తనకు చుట్టం కాడని మామ శపథం పట్టారు. వాడు బండెక్కి, సరిహద్దు దాటి, పాతపట్నంలో పిన్ని ఇంట కోడికూర తిని, ఎంగిలి చేతి ఫొటో కూడా గ్రూపులోనే పెట్టాడు.

సాంచోకు పాతపట్నం జర్మనీలోని డోర్ట్‌ముండ్ క్లబ్బు అయింది. 2024 జనవరిలో అరువు మీద అక్కడికి పోయి, జూన్ 1న వెంబ్లీలో ఐరోపా క్లబ్బుల ఛాంపియన్స్ లీగ్ తుదిపోరు ఆడాడు. రియల్ మాడ్రిడ్ చేతిలో 2-0తో ఓడారు గాని, ఆ విస్తరి ముందు కూర్చోవడమే గొప్ప. పెత్తందారు గారి జట్టు ఎఫ్.ఏ. కప్పు గెలిచినా, లీగులో ఎనిమిదో స్థానంతో సరిపెట్టుకుంది. (2022లో ఈయన మీద తనకు గౌరవం లేదని టీవీలో చెప్పి బయటపడిన రొనాల్డో ఇదంతా ఎలా చూశాడో గాని.) చివరికి 2024 అక్టోబరు 28న టెన్ హాగ్ గారినే లేపేశారు.

మా పెద్దమామ ఆఖరి బంతిలో కూర్చునేసరికి సాయంత్రమైంది. వడ్డించే కుర్రాళ్లందరూ ఊరేగింపుకు పోగా, పాతపట్నం నుంచి తిరిగొచ్చిన మేనల్లుడొక్కడే మిగిలాడు. వాడు బకెట్టు అడుగు గోకి రెండు మునక్కాడ ముక్కలు మామ విస్తట్లో వేశాడు. ఆయన తలెత్తలేదు, చాలనీ అనలేదు.