కాఫీ తాగుతూ కుదుర్చుకున్న బేరం

2025 జనవరి 7న డాలస్‌లో ఇద్దరు పాత పరిచయస్తులు కాఫీ తాగుతూ మాటల్లో పడ్డారు. ఒకరు అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలోని డాలస్ మావరిక్స్ జట్టుకు అప్పటి జనరల్ మేనేజర్ నికో హారిసన్, ఇంకొకరు అదే లీగ్‌లోని లాస్ ఏంజిలిస్ లేకర్స్ జట్టు జనరల్ మేనేజర్ రాబ్ పెలింకా. నెల తిరక్కుండానే, ఫిబ్రవరి 1 అర్ధరాత్రి వేళ, మావరిక్స్ స్టార్ లూకా డాంచిచ్ ఇక లేకర్స్ ఆటగాడన్న వార్త బయటికొచ్చింది. అప్పటికి అతనికి 25 ఏళ్లు. లీగ్ ఏటా ప్రకటించే మేటి ఐదుగురిలో వరసగా ఐదేళ్లు ఉన్నాడు. 2024లో మావరిక్స్‌ను ఫైనల్స్ దాకా తీసుకెళ్లాడు. ఆ బేరం ముగిసేదాకా అతని చెవిన ఒక్క మాటా వేయలేదు.

ఆటగాళ్లను మార్చుకునే హక్కు జట్టుకు లేదని మేము అనడం లేదు. డిఫెన్సే కప్పు గెలిపిస్తుందని హారిసన్ నమ్మారు. లూకా ఫిట్‌నెస్ మీద బెంగ ఉంది. అతనికి త్వరలో ఇవ్వాల్సిన ఐదేళ్ల కాంట్రాక్టు దాదాపు 34.5 కోట్ల డాలర్లు. ఇవన్నీ ఆలోచించాల్సిన విషయాలే. మా అభ్యంతరమంతా బేరం చేసిన తీరు మీదే.

మన ఊళ్లో గేదెను అమ్మాలన్నా నలుగురి చెవిన వేస్తాం. ఇద్దరు ముగ్గురు వచ్చి చూసి వెళ్లాకే ధర తెగుతుంది. హారిసన్ మాత్రం విషయం పొక్కుతుందన్న భయంతో ఒకే జట్టుతో మాట్లాడారు. చేతికొచ్చింది 31 ఏళ్ల ఆంథొనీ డేవిస్, కుర్రవాడు మాక్స్ క్రిస్టీ, 2029 నాటి ఒక్క మొదటి రౌండ్ పిక్ (ఏటా లీగ్‌లోకి వచ్చే కొత్త ఆటగాళ్లలోంచి మొదటి విడతలో ఒకరిని ఎంచుకునే హక్కు). అంతకు ఏడు నెలల ముందు, ఏటా మేటి ఆటగాళ్లతో ఆడించే ఆల్ స్టార్ ఆటకు ఒక్కసారి కూడా ఎంపిక కాని మికాల్ బ్రిడ్జెస్ కోసం న్యూయార్క్ నిక్స్ ఐదు మొదటి రౌండ్ పిక్‌లు ధారపోసింది. ఈ రెండు బేరాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే డాలస్ అభిమాని కడుపు ఎందుకు మండిందో తెలుస్తుంది.

ఓపిక పడితే ఏమవుతుందో పోర్ట్‌లాండ్ జట్టు 2023లోనే చూపించింది. దాని స్టార్ డేమియన్ లిలార్డ్ తనను మయామీ జట్టుకే పంపమని పట్టుబట్టాడు. స్టార్లు ఇలా పట్టుబట్టడమూ మాకు నచ్చదు. పోర్ట్‌లాండ్ కంగారు పడలేదు. జులై నుంచి సెప్టెంబర్ చివరిదాకా ఆగి, తనకు గిట్టుబాటయ్యే బేరం చూసుకుని అతన్ని మిల్వాకీకి పంపింది.

ఏప్రిల్ 9న లూకా డాలస్‌కు తిరిగొచ్చాడు. ఆట మొదలవకముందు అతని పాత ఆటల వీడియో వేశారు. బెంచీ మీద కూర్చున్న అతను కళ్లు తుడుచుకుంటూనే ఉన్నాడు. తర్వాత లేచి 45 పాయింట్లు కొట్టాడు. ఆ హాలుకు దగ్గర్లోని ఇర్వింగ్, ప్లేనో, ఫ్రిస్కోల్లో మన తెలుగు కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. లూకా 77 నంబరు జెర్సీ కొనిపెట్టిన తల్లిదండ్రులు ఆ రాత్రి పిల్లలకు ఏమని చెప్పి ఉంటారు? మేలో, కొత్త ఆటగాళ్లను అందరికంటే ముందు ఎవరు ఎంచుకోవాలో తేల్చే లాటరీ 1.8 శాతం అవకాశం మీద తగిలి, కూపర్ ఫ్లాగ్ అనే కుర్రాడు దొరకడం డాలస్ అదృష్టం. దాన్ని ఈ బేరం ఖాతాలో వేయలేం. నవంబర్ 11న హారిసన్‌ను జట్టు తొలగించింది.

ఒక్కడిని తీసేస్తే నియమం మారదు. తన అనుమతి లేకుండా వేరే జట్టుకు పంపకూడదని కాంట్రాక్టులో రాయించుకోవాలంటే ఎన్‌బీఏలో 8 ఏళ్లు ఆడి ఉండాలి. అందులో 4 ఏళ్లు అదే జట్టుకు ఆడాలి. ఏడో సీజన్‌లో ఉన్న లూకాకు ఆ మాట అడిగే వీలే లేదు. యాజమాన్యాలకూ ఆటగాళ్ల సంఘానికీ మధ్య ఇప్పుడున్న ఒప్పందం 2029-30 సీజన్ దాకా ఉంది. మళ్లీ కూర్చున్నప్పుడు ఆ 8 ఏళ్లను 5కు దించాలి. సంతకాలకు కనీసం ఒక రోజు ముందు ఆటగాడికి కబురు అందాలన్న షరతూ అందులో చేర్చాలి.